ఫోటోలో లేనివాళ్లు: ముంపు ఊరి చివరి పదో తరగతిపై ఒక కేస్ స్టడీ

పాత బ్యాచ్‌ల జ్ఞాపకాలు సేకరించి పుస్తకంగా కూర్చే పని పన్నెండేళ్లుగా చేస్తున్నాను. ఇప్పుడు ఏ జడ్పీ హైస్కూలు చూసినా ఏదో ఒక పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, ఆత్మీయ సమ్మేళనం జరుపుకుని, సార్లకు శాలువాలు కప్పి, ఒక సంచిక వేయాలనుకుంటోంది. చాలాసార్లు పని సాఫీగానే సాగుతుంది. ఇక్కడ రాస్తున్నది అలా సాగని కేసు. ఇందులో నా తప్పు ఒకటి ఉంది. ఈ పని చేసే ఎవరైనా ఆ తప్పు చేసే అవకాశం ఉంది కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఊరి పేరు, బడి పేరు, మనుషుల పేర్లు వదిలేశాను. కొందరి వృత్తులు మార్చాను. పాల్గొన్నవాళ్లు చదివి సరేనన్నాకే దీన్ని బయటపెడుతున్నాను.

నేపథ్యం

శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులు. ఆ నీటి కింద ఉమ్మడి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో సుమారు వంద ఊళ్లు పోయాయి. 1981 వేసవిలో ఊళ్లు ఖాళీ చేయించి ఇళ్లు కూల్చారు. తలుపులు, దూలాలు, బండలు ఎవరికి దొరికినవి వాళ్లు బండ్లకెత్తుకుని మిట్టకు వెళ్లారు. నేను చెబుతున్న ఊరు వాటిలో ఒకటి.

ఆ ఊరి హైస్కూలు చిన్నది. నాలుగు గదులు, బండల కప్పు, వాకిట్లో చింతచెట్టు, దానికి వేలాడదీసిన రైలుపట్టా ముక్కే గంట. అవతలి ఒడ్డు పిల్లలు పుట్టిలో కృష్ణ దాటి వచ్చేవాళ్లు, సద్దిమూట నెత్తిన పెట్టుకుని. 1981లో పదో తరగతి పరీక్ష రాసింది ఆ బడిలో చివరి బ్యాచ్. పరీక్ష సెంటరు వేరే ఊళ్లో. రాసి వచ్చిన కొన్ని వారాలకే ఊరు ఖాళీ చేయడం మొదలైంది. ఫలితాలు వచ్చేనాటికి బడి లేదు.

మామూలుగా ఒక బ్యాచ్‌కు చివరి జ్ఞాపకం ఫలితాల రోజు. పేపర్లో హాల్‌టికెట్ నంబర్లు వెతుక్కోవడం, పాసైనవాడు తప్పినవాడి ఇంటి ముందు నుంచి తల దించుకుని పోవడం, టీసీ కోసం బడికి వెళ్లి మళ్లీ ఒకసారి అందరూ కలవడం ఉంటాయి. వీళ్లకు అదేదీ లేదు. ఎవరు పాసయ్యారో ఎవరు తప్పారో కూడా ఒకరికొకరికి తెలియకుండానే విడిపోయారు. ఈ సంగతి నాకు మొదట తట్టలేదు. తట్టి ఉంటే పని వేరేగా మొదలుపెట్టేదాన్ని.

నా దగ్గరికి వచ్చిన సమస్య

2022 చివర్లో ఇద్దరు వచ్చారు. ఒకాయన రిటైరవబోతున్న ఉద్యోగి, ఇంకొకాయన చిన్న వ్యాపారి. నలభై ఏళ్ల సమ్మేళనం కరోనా వల్ల జరగలేదు, ఇప్పుడైనా చేద్దామని వాళ్ల కోరిక. గ్రూపులో పదకొండు మంది ఉన్నారు. సంచికకు జ్ఞాపకాలు రాయమంటే ఆరునెలలుగా ఎవరూ రాయడం లేదు. రాసిన ముగ్గురూ ఒకే కథ రాశారు: లెక్కల సార్ బెత్తం, వరదరోజున పుట్టి తిరగబడబోవడం, వార్షికోత్సవంలో వేసిన నాటకం. పైగా గ్రూపులో ఏది మొదలుపెట్టినా చివరికి నష్టపరిహారం దగ్గరకో 98 జీవో దగ్గరకో వచ్చి ఆగుతోంది. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం ఇవ్వాలని 1986లో వచ్చిన జీవో అది. ఈ తరగతిలో దాని కింద ఉద్యోగం వచ్చినవాళ్లు ఉన్నారు, దరఖాస్తు కాగితం ఇప్పటికీ ట్రంకు పెట్టెలో పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ మాట వస్తే గ్రూపులో ఇద్దరు ముగ్గురు బయటికి వెళ్లిపోతారు, వారం తర్వాత ఎవరో బతిమాలి చేరుస్తారు.

"మేడం, మంచి జ్ఞాపకాలే రాయించండి, గొడవలు వద్దు" అన్నాడు వ్యాపారి. ఆయన బాధ నాకు అర్థమైంది. కానీ ఆ షరతు ఒప్పుకోలేదు. వీళ్లకు బడి పోవడం, పొలం పోవడం ఒకే వేసవిలో జరిగాయి. ఒకటి మాట్లాడి ఒకటి వద్దంటే రెండూ సరిగ్గా రావు. పరిహారం గురించి ఎవరు ఏం చెప్పినా వింటాను, రికార్డు చేస్తాను, కానీ దాన్ని వేరే ఫైల్లో ఉంచి వాళ్ల అనుమతితోనే వాడతాను అన్నాను. ఆ నిర్ణయం చివరిదాకా పనికొచ్చింది. ఆపకపోవడం వల్ల చాలామంది పది నిమిషాల్లో ఆ సంగతి చెప్పేసి, వాళ్లంతట వాళ్లే బడి దగ్గరికి వచ్చారు.

పనిచేయనివి

మొదట ప్రశ్నల కాగితం పంపాను. "మీరు మరచిపోలేని సంఘటన ఏది?", "మీకు ఇష్టమైన ఉపాధ్యాయుడు ఎవరు?" లాంటివి. అంతకుముందు చాలా బ్యాచ్‌లకు అవే పంపాను. ఇక్కడ వచ్చిన జవాబులు పరీక్షలో రాసిన వ్యాసాల్లా ఉన్నాయి. "బాల్యం మధురమైనది, గురువు దైవసమానుడు." ఒక్క మనిషి, ఒక్క వస్తువు లేవు వాటిలో. కారణం ఆలోచించాను. బడి అనగానే బడికి తగ్గ భాష రాయాలనిపిస్తుంది. మరచిపోలేనిది చెప్పమంటే ఇదివరకు పదిసార్లు చెప్పిందే చెబుతారు. చెప్పి చెప్పి అరిగిన కథ పైకి వస్తుంది, మిగతావన్నీ దాని కిందే ఉండిపోతాయి.

తర్వాత ఒక ఆదివారం తొమ్మిది మందిని ఒకచోట కూర్చోబెట్టాను. అది ఇంకా పెద్ద పొరపాటు. ఉద్యోగి గారు బాగా మాట్లాడగలరు, తేదీలు కూడా చెప్పగలరు. ఆయన చెప్పాక మిగతావాళ్లు "అవునవును" అన్నారు. నాటకంలో కృష్ణుడి వేషం ఎవరు వేశారన్న దగ్గర ఒకాయన నోరు తెరవబోయి ఆగడం చూశాను. తర్వాత ఫోన్ చేసి అడిగితే, ఆ వేషం వేసింది తానేనని, అంతమందిలో కాదనడం ఎందుకని ఊరుకున్నానని చెప్పాడు. గుంపుగా కూర్చుని గుర్తు చేసుకుంటే ఎక్కువ బయటికొస్తుందని మనం అనుకుంటాం. కానీ ఒక్కొక్కరూ విడిగా చెప్పినవన్నీ కలిపితే వచ్చేదానికన్నా గుంపులో తక్కువే వస్తుందని మనస్తత్వ పరిశోధకులు 1990ల నుంచీ ప్రయోగాలు చేసి చూపించారు. ఒకరి వరుస ఇంకొకరి వరుసను చెదరగొడుతుంది. నాకు ఈ సంగతి తెలుసు. అయినా టైం కలిసొస్తుందని గుంపును పిలిచాను.

ఫోటో

నా అసలు తప్పు ఇది. ఉద్యోగి గారి దగ్గర గ్రూపు ఫోటో ఒకటి ఉంది. తేమకు ఒక మూల తెల్లబడింది కానీ ముఖాలు తెలుస్తాయి. ఐదుగురు సార్లు కుర్చీల్లో, వెనక పదిహేడు మంది విద్యార్థులు. పదిహేను మంది మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. దాన్ని పెద్దగా ప్రింటు తీయించి, ఒక్కో ముఖానికి నంబరు వేసి, పేర్లు పెట్టించాను. పదిహేడూ నిండాయి. అందులో ఇద్దరు చనిపోయారు. బ్యాచ్ అంటే పదిహేడు మంది అని నా నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఆ జాబితాతోనే మూడు నెలలు తిరిగాను.

నాలుగో నెలలో, అవతలి ఒడ్డు నుంచి పుట్టిలో వచ్చిన ఒకాయనతో విడిగా మాట్లాడుతుంటే ఆయన మాటల మధ్యలో ఒక పేరు అన్నాడు. ఫోటోలో లేని పేరు. ఎవరని అడిగితే, "మాతోనే పుట్టిలో వచ్చేటోడు. ఫోటో దినం లేడు. ఫోటోగ్రాఫర్ పొద్దుగుంకినంక వచ్చిండు, వాడు పుట్టి ఎక్కి పోయిండు. నేను మా చిన్నమ్మ ఇంట్ల ఉన్న, అందుకే ఉన్న" అన్నాడు. ఇంకొంచెం ఆగి, ఫోటోకు ముందే డబ్బు కట్టాలని, కట్టనివాళ్లు నిలబడలేదని కూడా చెప్పాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోటో తీసినరోజు సాయంత్రం వరకూ ఊళ్లో ఉండగలిగినవాళ్లు, డబ్బు కట్టగలిగినవాళ్లు, ఇంట్లో పంపడానికి ఒప్పుకున్న ఆడపిల్లలు మాత్రమే అందులో ఉన్నారు. నలభై ఏళ్లుగా దాన్నే చూసుకుంటూ, ఫోటోలో ఉన్నవాళ్లు కూడా తమ తరగతి అంతేననుకోవడం మొదలుపెట్టారు. నేను వెళ్లి దానికి నంబర్లు వేసి మరీ ఖాయం చేశాను.

హాజరు

బడి మునిగినా రికార్డులన్నీ మునగలేదు. పునరావాస కాలనీలోని హైస్కూలుకు రెండు పెట్టెలు చేరాయి. అక్కడి హెచ్చెమ్‌కు బ్యాచ్ తరఫున అర్జీ ఇప్పించి, ఆయన సమక్షంలోనే చూశాం. ఎస్సెస్సీ పరీక్షకు పంపిన నామినల్ రోల్, అంటే పరీక్ష రాసేవాళ్ల పేర్ల జాబితా, నకలు దొరికింది. ఇరవై ఏడు పేర్లు. ఫోటోలో లేనివాళ్లు పది మంది. ఆరుగురు మగపిల్లలు, నలుగురు ఆడపిల్లలు.

ఇప్పుడు ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. ఈ పేర్లు గ్రూపులో పెట్టి "వీళ్లు గుర్తున్నారా?" అని అడగొచ్చు. అలా అడిగితే మొదట ఎవరో "గుర్తు లేదు" అంటారు, మిగతావాళ్లు దానికి కట్టుబడతారు. గుర్తు లేదన్న మాట కూడా ఒకసారి పైకి అంటే గట్టిపడుతుంది. అందుకని ఒక్కొక్కరి ఇంటికి వెళ్లి, కాగితం చూపించకుండా, హాజరు పిలిచినట్టు పేర్లు చదివాను. ఆ పని చేసే సారు ఎలా పిలిచేవారో ముందే కనుక్కున్నాను. ఇంటిపేరు ముందు, చివర్లో కొంచెం సాగదీత.

ఏమీ గుర్తు లేదని రెండుసార్లు చెప్పి పంపిన ఒకాయన, తొమ్మిదో పేరు దగ్గర "ఎస్సార్" అన్నాడు. అది ఆయన పేరే. ఆ తర్వాత నేను చదవకముందే పదో పేరు ఆయనే అన్నాడు, పదకొండోదీ అన్నాడు. నామినల్ రోల్ వరుస వేరు, హాజరు వరుస వేరు అని అప్పుడు తెలిసింది. "కాదు మేడం, వీని తర్వాత ఆడపిల్లలు. ఆడపిల్లలల్ల మొదటిది ఫలానా" అంటూ నలుగురి పేర్లు చెప్పాడు. ముఖాలు గుర్తున్నాయా అంటే లేవన్నాడు. పేర్ల వరుస మాత్రం చెవిలో ఉండిపోయింది. ఏడాదంతా రోజూ విన్నది కదా. ఎనిమిది ఇళ్లలో ఇలా చదివాను. ఆరుగురు కనీసం నాలుగేసి పేర్లు వరుసగా అందుకున్నారు.

దీనితోపాటు ఇంకొకటి అడిగాను. తెల్లకాగితం ఇచ్చి తరగతి గది గీయమన్నాను. తలుపు ఎటు, కిటికీ ఎటు, నువ్వెక్కడ, నీ పక్కన ఎవరు, నీ ముందు ఎవరి వీపు. ఎవరి గీత ఇంకొకరికి చూపించలేదు. "మరచిపోలేనిది" అడిగితే మూగబోయిన మనిషి, "నీ ముందు ఎవరి వీపు?" అంటే గంటన్నర మాట్లాడాడు. ముందు కూర్చున్నవాడి చొక్కా కాలర్ దగ్గర నల్లదారంతో కుట్టిన చిరుగు, వాడి చెవి వెనక మచ్చ, వాళ్లమ్మ చనిపోయిన వారం వాడు బడికి వచ్చి ఏడవకుండా కూర్చోవడం. ఆ వీపు గల మనిషి ఫోటోలో లేడు. తర్వాత రెండు నెలలకు ఆయన దొరికాడు, వలస వెళ్లిన చోట. ఆ చిరుగు సంగతి చెప్పి రికార్డింగు వినిపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. "అది మా అమ్మ కుట్టింది" అన్నాడు.

పది మందిలో ఏడుగురి ఆచూకీ దొరికింది. వారిలో ఒకరు చనిపోయారు. ముగ్గురి జాడ తెలియలేదు.

ఒక మెమో

దొరికిన వాళ్లలో ఒకామె ఉంది. ఇప్పుడు మనవరాళ్లను బడికి పంపుతోంది. ఆమెతో మొదటి గంట అంతా పుట్టి గురించే. రెండో రోజు నేనడక్కుండానే, "నేను అన్నీ తప్పిన మేడం. మా నాయన చెప్పిండు. ఇంక చదివి ఏం లాభమని ఆ ఎండాకాలమే పెళ్లి చేసిండ్రు" అంది.

రికార్డు పెట్టెలో, ఎవరూ తీసుకోని మార్కుల మెమోలు కొన్ని ఉన్నాయని నాకు అప్పటికే తెలుసు. ఆమెది అందులో ఉంది. నేను తెరిచి చూడలేదు, చూడకూడదనుకున్నాను. ఆమెకు చెప్పాలా వద్దా అని చాలా రోజులు తర్జనభర్జన పడ్డాను. పాసై ఉంటే? నలభై రెండేళ్ల కిందట చెప్పిన మాట అబద్ధమని ఇప్పుడు తెలిస్తే ఆ బరువు ఎవరు మోయాలి? తండ్రి లేడు, అడగడానికి. తప్పి ఉంటే? మళ్లీ ఒకసారి తప్పించినట్టే. మరోవైపు, ఆ కాగితం ఆమెది. నేను దాచడానికి నాకు ఏ హక్కూ లేదు. చివరికి ఒక్కటే అడిగాను: "మీ మెమో బడిలో ఉంది. కావాలంటే మీరే తీసుకోవచ్చు. నేను చూడలేదు. వద్దంటే ఆ మాట మళ్లీ ఎత్తను."

"ఇప్పుడెందుకు లే మేడం" అంది. ఎనిమిది రోజుల తర్వాత తనే ఫోన్ చేసింది. పెద్ద మనవరాలిని తీసుకుని బడికి వచ్చింది. హెచ్చెమ్ గారు కుర్చీ వేసి కూర్చోబెట్టి, కవరు ఆమె చేతికే ఇచ్చారు. మనవరాలు చదివింది. లెక్కల్లో 31. మిగతా అన్నీ పాస్. తెలుగులో 68.

"ఒక్క లెక్కలేనా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత, "తెలుగులో అరవై ఎనిమిదా?" అంది, అది అన్నింటికన్నా పెద్ద వార్త అయినట్టు. మెమోను చీర కొంగుతో తుడిచి, మనవరాలి పుస్తకంలో పెట్టించుకుంది. తండ్రి గురించి ఆరోజు ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. తర్వాత ఒకసారి తనే, "నాయనకు చదువు రాదు, ఎవరో చెప్పింది విని చెప్పిండేమో" అంది. ఆ మాట పుస్తకంలో వేయవచ్చా అని అడిగితే, మార్కులు వేయొచ్చు, ఈ మాట వద్దు అంది. ఏడాది తర్వాత ఈ రాతప్రతి చదివించి వినిపించుకుని, రెండూ ఉంచమంది. అందుకే ఇక్కడ రాయగలిగాను.

మిగతా మెమోల సంగతీ అలాగే చేశాం. ఎవరిది వాళ్లకే, అడిగితేనే. ఎవరి ఫలితమూ ఇంకొకరి ముందు చెప్పలేదు.

ముగ్గుపిండి

సమ్మేళనాన్ని ఫంక్షన్ హాల్లో పెట్టాలని మొదటి ఆలోచన. విడివిడి రికార్డింగులన్నీ అయ్యాకే గుంపును కలపాలని నేను పట్టుబట్టాను, వేదిక మార్చమని అడిగాను. వేసవిలో జలాశయం వెనక్కి తగ్గినప్పుడు ముంపు ఊళ్లు కొన్ని బయటపడతాయి. సంగమేశ్వరం గుడి ఏటా అలా తేలుతుందని చాలామందికి తెలుసు. వీళ్ల ఊరికి పేరు లేదు, భక్తులు రారు, కానీ అదీ తేలుతుంది. అదే పేరున్న ఇంకో ముంపు గుడి, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. బడికి ఆ యోగం పట్టలేదు. ఆ పోలిక నాది కాదు, వాళ్లలో ఒకాయన కోపంగా అన్నది.

2023 మే నెలలో తెల్లవారుజామున వెళ్లాం. పదహారు మంది వచ్చారు. ఫోటోలో ఉన్నవాళ్లు పన్నెండు, లేనివాళ్లు నలుగురు. ఎండ ముదరకముందే పని ముగించాలని, మంచినీళ్లు, గొడుగులు, బీపీ మాత్రలు సర్దుకుని వెళ్లాం. ఇద్దరికి నడక కష్టం కాబట్టి ట్రాక్టరు మాట్లాడాం. ఇలాంటి చోటికి వయసు మీదపడ్డవాళ్లను తీసుకెళ్లేటప్పుడు ఇవి చిన్న విషయాలు కావు.

నేలంతా పగుళ్లిచ్చిన ఒండ్రు. చింతచెట్టు మొద్దు ఉంది. దాన్ని బట్టి బడి మెట్లు కనిపెట్టారు. గది ఎటు తిరిగి ఉందన్నది విడివిడిగా గీసిన బొమ్మల్లో రెండు రకాలుగా ఉంది. సగం మందికి తలుపు ఏటివైపు, సగం మందికి ఊరివైపు. పునాది రాళ్లు చూశాక తేలింది, గదికి రెండు తలుపులు. ఏటివైపు పిల్లలు అటు నుంచి, ఊరి పిల్లలు ఇటు నుంచి వచ్చేవాళ్లు. ఎవరికి వాళ్ల తలుపే గుర్తుంది. గుంపులో ముందే అడిగి ఉంటే ఒక తలుపు గెలిచి ఒక తలుపు పోయేది.

తాడు పట్టి, ముగ్గుపిండితో గది గీశారు. వరుసలు గీశారు. బొమ్మల్లో వచ్చిన చోట్లను బట్టి ఒక్కొక్కరూ వెళ్లి కూర్చున్నారు, టవళ్లు పరుచుకుని. నేను హాజరు పిలిచాను, వాళ్లు దిద్దిన వరుసలో. చనిపోయినవాళ్ల పేర్లు కూడా పిలవాలని వాళ్లే అడిగారు. ఆ పేర్లు వచ్చినప్పుడు ఎవరూ జవాబు చెప్పలేదు, నేను కొంచెం ఆగి తర్వాతి పేరుకు వెళ్లాను. ఆడపిల్లల వరుసలో మెమో తీసుకున్నామె ఒక్కతే ఉంది. తన పేరు రాగానే లేచి నిలబడి "ఎస్సార్" అంది, నేను సారును కాకపోయినా.

కృష్ణుడి వేషం సంగతి అక్కడ వచ్చింది. ఈసారి ఆయన చెప్పాడు. ఉద్యోగి గారు ఒక్క క్షణం ఆలోచించి, "అరే, నిజమే. నేను అర్జునుణ్ని కదా" అన్నారు.

పద్ధతిలో మార్చుకున్నవి

ఇప్పుడు ఏ బ్యాచ్ వచ్చినా ఫోటో చివరికి తీస్తాను. మొదట రిజిస్టరు, అనుమతితో. ఎవరు పాసయ్యారన్నది కాదు, ఎవరు వచ్చి కూర్చున్నారన్నదే లెక్క. ఎనిమిదిలో తొమ్మిదిలో మానేసినవాళ్లను కూడా చేర్చాలా అని ఈ కేసు తర్వాత రెండు బ్యాచ్‌లతో మాట్లాడాను. రెండూ చేర్చాయి. ప్రశ్నల్లో "మరచిపోలేని" అన్న మాట తీసేశాను. వీపు, తలుపు, దారి, పక్కవాడు, ఇవే అడుగుతాను. నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టేది అందరి గొంతూ విడిగా నా దగ్గర పడ్డాకే. రికార్డుల్లో మనిషికి సంబంధించిన కాగితం ఏది కనబడినా ముందు ఆ మనిషికే చెబుతాను.

ఒక చోట మాత్రం ఈ పద్ధతి చాల్లేదు. ఉద్యోగం వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ మధ్య దూరం అలాగే ఉంది. ఆ రోజు కూడా తిరుగు ప్రయాణంలో వాళ్లు వేరు వేరు బండ్లలో వెళ్లారు. దాన్ని జ్ఞాపకాల పుస్తకంతో సరిచేయగలనని నేను అనుకోవడం లేదు, అలా చూపించమని అడిగినా ఒప్పుకోను. ఆ వేరే ఫైలు పదకొండు గంటల రికార్డింగు అయింది. అందులో మాట్లాడినవాళ్లు అడిగితే వాళ్ల వాళ్ల నకలు ఇచ్చాను. ఇద్దరు తమ దరఖాస్తులతో జతచేశారు.

పుస్తకం నూట నాలుగు పేజీలు వచ్చింది. మొదటి పేజీలో ఫోటో లేదు, ఇరవై ఏడు పేర్లు హాజరు వరుసలో ఉన్నాయి. ఫోటో యాభైమూడో పేజీలో ఉంది, కింద ఆ సాయంత్రం ఎవరెవరు ఎందుకు లేరో వాళ్ల మాటల్లోనే వేశాం. జాడ తెలియని ముగ్గురి పేర్ల పక్కన ఖాళీ వదిలాం. కిందటి నెల ఒక ఫోన్ వచ్చింది, ఆ ముగ్గురిలో ఒకరి తమ్ముడినని. ఆదివారం వెళ్తున్నాను.